దొప్పలో చోటు లేని విషం

ఒక పెద్ద అడవిలో పులి పడుకున్నప్పుడు పరిపాలన నడిచేది. పులి ఎప్పుడూ పడుకునే ఉండేది కాబట్టి పరిపాలనకి ఏ అడ్డూ లేదు. నడిపేవాడు జంబయ్య అనే నక్క. సంఘాలు పెట్టడం, సభలు జరపడం, దండలు వేయించడం అతని పని. వేట మానేసి చాలా కాలమైంది. సభ ఉన్న చోట తిండికి లోటుండదని అతనికి చిన్నప్పుడే తెలిసిపోయింది.

నక్కెక్కడ, నాగలోకమెక్కడ అంటారు పెద్దలు. ఈ అడవిలో ఆ దూరం ఎప్పుడో చెరిగిపోయింది. పంచాయితీకి కార్యదర్శి జంబయ్య అయితే, అధ్యక్షుడు నాగన్న అనే నాగుపాము. నాగన్నకి ఆ పదవి ఎలా వచ్చిందంటే, ఏటా నాగులచవితికి మనుషులొచ్చి ఆయన పుట్టలో పాలు పోసి దండం పెట్టి వెళ్తారు. పాలు ఆయన తాగడు, ఒంటికి పడవు. దండాలు మాత్రం బాగా అరిగించుకున్నాడు.

అడవి నడుమ ఒక రాళ్ళగుట్ట ఉంది. దానికి అవతల మంచినీళ్ళ చెలమ, లేత పచ్చిక. వానాకాలంలో వాగు పొంగితే మిగతా దారులన్నీ మూసుకుపోతాయి. పచ్చిక కావాలంటే జింకలైనా కుందేళ్ళైనా ఆ గుట్ట దాటాల్సిందే. ఆ గుట్ట రాళ్ళ కింద చిన్నపింజర ఉండేవాడు. పాముల్లో పొట్టివాడు. మూరెడు పొడుగు, రాయి రంగు ఒళ్ళు. కాలికి తగిలేదాకా కంటికి ఆనడు. వాడి కాటు పడిందంటే రక్తం నీళ్ళలా పలచబడిపోతుంది. చిగుళ్ళలోంచి, ముక్కులోంచి కారుతూనే ఉంటుంది, గడ్డకట్టదు.

పోయిన వానాకాలం చుక్కమ్మ అనే దుప్పి తన పెద్ద పిల్లని ఆ గుట్ట మీద పోగొట్టుకుంది. ఇప్పుడామెకి చిట్టి ఒక్కడే మిగిలాడు. ఈసారి ఎండలు ముదరగానే ఆమె పంచాయితీకి వచ్చి నిలబడింది.

"అయ్యా, వానలొచ్చేలోగా ఆ కాటుకి ఏదైనా మందు చూడండి. నాకున్నది ఒక్క బిడ్డ. గుట్ట దాటించకపోతే ఆకలికి పోతాడు, దాటిస్తే కాటుకి పోతాడు."

"చూస్తామమ్మా," అన్నాడు జంబయ్య. "నీ పెద్ద బిడ్డ విషయంలో మేమేం తక్కువ చేశాం చెప్పు. సంతాప సభ ఎంత బాగా జరిగింది. ఏనుగు కూడా వచ్చింది."

ఏనుగు వచ్చిన మాట నిజమే. వచ్చి, ఆమె మేసే పొదనంతా తిని వెళ్ళింది.

ఆ రోజుల్లోనే ఊరివైపు నుంచి ఒక ముసలి గుర్రం అడవిలోకి వచ్చి పడింది. పేరు బహదూర్. పాముకాటుకి మందు తయారుచేసే ఫ్యాక్టరీలో బతుకంతా గడిపి, వయసైపోయిందని వదిలేస్తే ఇటు వచ్చింది. ఉద్యోగం వదిలినా ఉద్యోగం అతన్ని వదల్లేదు. మేత మేస్తూ కూడా "మా ఫ్యాక్టరీలో" అని మొదలుపెట్టేవాడు. కోతులు మొహం తిప్పుకుంటే చెట్లకి చెప్పేవాడు.

చుక్కమ్మ ఒక్కతే అతని మాటలు చివరిదాకా విన్నది. విని, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి పంచాయితీకి తీసుకొచ్చింది.

"మా ఫ్యాక్టరీలో పద్ధతి ఏమిటంటే," అన్నాడు బహదూర్, మెడ నిక్కించి. "పాము విషాన్ని పిండి, చాలా పలచన చేసి, చావని మోతాదులో గుర్రానికి ఎక్కిస్తారు. కొన్నాళ్ళాగి ఇంకాస్త. మళ్ళీ ఇంకాస్త. మా ఒళ్ళు ఆ విషాన్ని గుర్తుపట్టి, దానికి విరుగుడు తనే తయారుచేసుకుంటుంది. అప్పుడు మా రక్తం తీసి పక్కన పెడితే పైన తేట తేరుతుంది. ఆ తేటే మందు. నా రక్తంతో ఎంతమంది మనుషులు లేచి ఇళ్ళకి నడిచారో తెలుసా?"

సభలో అందరూ తలలూపారు. తన ఒళ్ళే మందుల కొట్టని చెప్పుకునేవాణ్ణి ఆ అడవి మొదటిసారి చూసింది.

"అయితే విషమే మందన్నమాట," అన్నాడు నాగన్న, పడగ విప్పుతూ. ఆయన ఇన్నాళ్ళూ తన విషాన్ని వేటకి పనికొచ్చేదనుకున్నాడు. గౌరవానికి కూడా పనికొస్తుందని తెలిసేసరికి ఒళ్ళు పులకరించింది.

"ఏ పాము విషం ఎక్కిస్తే ఆ పాము కాటుకే పనిచేస్తుందండీ," అన్నాడు బహదూర్. "నాగుపాము విషం ఊపిరి ఆపుతుంది, పింజర విషం రక్తాన్ని పాడుచేస్తుంది. దాని మందు దీనికి పనికిరాదు. కాబట్టి ముందు చూసుకోవలసింది, ఈ అడవిలో ఎక్కువగా కరిచేది ఎవరు?"

సభ చప్పున చల్లబడింది. ఎక్కువగా కరిచేదెవరో అందరికీ తెలుసు. చెప్పడానికి మాత్రం అందరూ నాగన్న మొహం వైపు చూశారు. అధ్యక్షుడి ముందు ఇంకొకడు ఎక్కువ కరుస్తాడని ఎలా చెప్పడం?

"చిన్నపింజర," అంది చుక్కమ్మ.

ఆ మాటకే కాచుకున్నట్టు రాళ్ళ సందులోంచి చిన్నపింజర వచ్చాడు. వాడికి సభల అలవాటు లేదు. ఎక్కడ కూర్చోవాలో తెలీక గుండ్రంగా చుట్టుకుని కింద కూర్చున్నాడు.

"నా విషం తీసుకోండి," అన్నాడు. "నాకు జింకలతో పగేం ఉంది? కరిస్తే మింగగలనా, నమలగలనా? కాలు మీద పడితే భయమేసి కరుస్తా. పెద్దోడు చచ్చినప్పుడు చుక్కమ్మ అరిచిన అరుపు నాకూ వినపడింది. నాలుగు రోజులు రాయి కిందనుంచి బయటికి రాలా. మందుకి పనికొస్తదంటే పిండుకోండి."

చుక్కమ్మ వాడివైపు చూసింది. తన బిడ్డని చంపినవాడు. కళ్ళు తిప్పుకుందామనుకుని కూడా తిప్పుకోలేకపోయింది.

బహదూర్‌కి ఉత్సాహం వచ్చింది. "మంచి సరుకు దొరికింది. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని మనుషులు ఊరికే అనలేదు. మా ఫ్యాక్టరీకి వచ్చే డాక్టర్లు చెప్పుకోగా విన్నాను. ఈ జాతి విషంలో ఉన్న ఒక పదార్థాన్ని చూసి, దాని పోలికలోనే గుండెజబ్బుకి మందు కట్టారట. గుండె రక్తనాళంలో గడ్డ పేరుకుంటున్న మనుషులకి అది ఎక్కించి బతికిస్తారట."

అతను ఆ ఒక్క ముక్క అనకుండా ఉంటే కథ వేరుగా ఉండేదేమో. నాగన్న పడగ సగం ముడుచుకుంది.

"గుండెకి? వీడి విషమా?" అన్నాడు. "మరి నాది?"

"మీది కూడా పరిశోధనల్లో ఉందండీ," అన్నాడు బహదూర్, పెద్దవాళ్ళతో మాట్లాడ్డం తెలిసినవాడు కాబట్టి.

నాగన్నకి 'కూడా' అన్న మాట గుచ్చుకుంది. జంబయ్య అది గమనించి లేచాడు.

"సభవారు ఒక సంగతి ఆలోచించాలి. ఏదుపంది ముల్లుతో సూది చేస్తాం, మోదుగాకు దొప్పలో విషం పడతాం. బాగానే ఉంది. కానీ మనుషులు పాలు పోసి మొక్కే అధ్యక్షులవారి విషమూ, రాయి కింద దేకే ఈయన విషమూ ఒకే దొప్పలోనా?"

"దొప్పలు వేరుగా పెట్టండి," అన్నాడు బహదూర్.

"దొప్పలు వేరైనా ఎక్కేది ఒక ఒంట్లోకే కదయ్యా," అన్నాడు నాగన్న. "నా విషం పారిన నరంలో వీడి విషం పారితే, రేపు నాగులచవితికి నేను ఏ మొహం పెట్టుకుని పుట్టలోంచి తొంగిచూడాలి?"

ఎవరూ నవ్వలేదు. అడవిలో పరువు సంగతి వచ్చిందంటే ప్రాణం సంగతి వెనక్కి జరిగి కూర్చోవడం మామూలే. కుందేళ్ళు సైతం, రేపు చావబోయేది తామే అయినా, "నిజమేలే, అధ్యక్షులవారికి బాగుండదు" అనుకున్నాయి.

"పోనీలే, పిలిస్తే వస్తా," అని చిన్నపింజర వచ్చినదారినే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరూ పిలవలేదు.

అలా విరుగుడు సంఘం పుట్టింది. అధ్యక్షుడు నాగన్న, కార్యదర్శి జంబయ్య, సాంకేతిక సలహాదారు బహదూర్. వైద్యుడిగా కొంగని పెట్టారు. దాని ముక్కు గొంతులో ఎముకలు తీయడానికి బాగుంటుంది, కాళ్ళలో ముళ్ళు తీయడానికి అంతకన్నా బాగుంటుంది. పాముకాటు గురించి దానికేమీ తెలీదు. ఆ సంగతి అది దాచుకోలేదు కూడా, కానీ ఎవరూ అడగలేదు.

సంఘం పుట్టిందని తెలియగానే మర్నాటినుంచే జంబయ్య గుహ ముందు బారు కట్టారు. మొదట వచ్చినవాడు జెర్రయ్య, అంటే జెర్రిపోతు. బారెడున్నర పొడుగు, నిగనిగలాడే ఒళ్ళు, మాట తియ్యన.

"అన్నా, దొప్పలో నాకూ కాస్త చోటిప్పించాలి."

"నీకు విషమే లేదు కదా జెర్రయ్యా."

"విషం ఒక్కటే చూస్తారా అన్నా? నన్ను చూసి నాగుపామనుకుని ఎంతమంది గుండె జారి పడిపోయారో మీకు తెలీదా? పైగా మా వంశానికీ నాగన్నగారి వంశానికీ వియ్యం ఉందని ఊళ్ళో మనుషులే చెప్పుకుంటారు. నాగన్నగారూ కాదనలేదు."

నాగన్న అవుననలేదు కూడా. అయితే జెర్రయ్య బంధుబలగం పెద్దది. పంచాయితీలో చేతులెత్తమన్నప్పుడు తోకలెత్తేవాళ్ళలో సగం వాళ్ళే. అందుకని జెర్రయ్యకి చోటు దొరికింది.

వెనకాలే బల్లిలా ఉండే నలికీచు వచ్చింది. "నేను నాకితే చాలు, చస్తారని ప్రతీతి," అంది. ఆ ప్రతీతిని సంఘం నమ్మింది. దానికి నాలుగు కాళ్ళున్నాయి, పామెలా అవుతుందని కొంగ అడగబోతే, "కాళ్ళు చిన్నవే కదా, పట్టించుకోనక్కర్లేదు" అని జంబయ్య సర్దేశాడు.

ఆఖరున రెండుతలల పాము వచ్చాడు. మట్టిలో పడుకుని ఎవరి జోలికీ పోని బద్ధకస్తుడు. వాడి తోక మొద్దుగా తలలా ఉంటుంది, అంతే. విషం చుక్క లేదు. కానీ అతను నోరు విప్పింది విషం గురించి కాదు.

"నాకు తలలు రెండు. వాటాలు కూడా రెండు రావాలి. న్యాయం మీరే చెప్పండి."

ఆ న్యాయం కాదనడం ఎవరి తరమూ కాలేదు. అలా గుర్తింపు పొందిన పాములు నలుగురయ్యారు. అందులో విషం ఉన్నవాడు నాగన్న ఒక్కడే.

ఆ ఒక్కడి దగ్గరైనా సరిగా వచ్చిందా అంటే అదీ లేదు. నాగన్న విషం నాగన్నకి ఎలకలు పట్టుకోవడానికే చాలదు. సభలో అందరూ చూస్తుండగా దొప్ప అంచుని కోరలతో పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చప్పట్లు మోగేవి. దొప్పలో చూస్తే తడి తప్ప ఏమీ ఉండేది కాదు. దొప్ప నిండేది మాత్రం జెర్రయ్య ఉమ్మితోనే. అతను ధారాళంగా ఇచ్చేవాడు.

మొదటిసారి ఆ ఉమ్మి ఎక్కించినప్పుడు బహదూర్‌కి ఏమీ కాలేదు. మోతాదు పెంచారు. ఏమీ కాలేదు. ఇంకా పెంచారు. చక్కగా మేత మేశాడు.

"ఇందులో ఏదో తేడా ఉందండీ," అన్నాడు బహదూర్, జంబయ్యని పక్కకి పిలిచి. "మా ఫ్యాక్టరీలో మొదటి సూదికే కాస్త జ్వరం తగిలేది, సూది పడిన చోట వాపు వచ్చేది. ఇప్పుడేమో నాకు ఆకలి పెరుగుతోంది. ఇది విషం కాదు. దీనికి విరుగుడు పుడితే అది ఉమ్మికి విరుగుడు అవుతుంది గానీ కాటుకి కాదు."

జంబయ్య అతని మెడ నిమిరాడు. "మీరు ఈ వయసులో ఇంత శ్రమ పడుతుంటే మాకు బాధగా ఉంది బహదూర్‌గారూ. రేపటినుంచి మీకు ఉలవలు ఏర్పాటు చేస్తున్నాం."

అడవి అంచున రైతుల ఉలవ చేలున్నాయి. అడవి పందులు పోయి తెచ్చేవి. చాలా ఏళ్ళ తర్వాత బహదూర్ పళ్ళ కింద ఉలవలు పటపటలాడాయి. ఆ చప్పుడులో మిగతా సంగతులు వినపడలేదు. ఎప్పుడైనా అనుమానం తల ఎత్తేసరికి ఇంకో గంప వచ్చి వాలేది.

రక్తం తీసే పని జలగలకి ఇచ్చారు. అవి గుర్రాన్ని పట్టుకుని తాగినంత తాగి, ఇక పట్టనిది మారేడుకాయ డొల్లల్లో కక్కేవి. ఎంత తాగుతున్నారు, ఎంత కక్కుతున్నారు అని కొంగ ఒకసారి అడిగింది. పనిలో ఉన్నవాళ్ళని విసిగించొద్దని జంబయ్య మందలించాడు.

వానలు దగ్గరపడే కొద్దీ చుక్కమ్మ తిరగడం ఎక్కువైంది. చిట్టిని వెంటబెట్టుకుని వచ్చి, ఎవరు కనిపిస్తే వాళ్ళని అడిగేది.

"మందు తయారైందా అయ్యా?"

"నీకు తొందరెక్కువమ్మా," అనేవాడు జంబయ్య. "పేరు పెట్టొద్దూ?"

పేరు పెట్టడానికే రెండు సభలు పట్టాయి. చివరికి 'నాగామృతం' అని ఖాయం చేశారు. తొలకరి మబ్బు పట్టిన రోజున ప్రారంభోత్సవం. నెమళ్ళు ఆడాయి. గాడిద పాడింది. నాగన్న మాట్లాడుతూ, మనుషులు ఇన్నేళ్ళు పాముల విషంతో ప్రాణాలు నిలుపుకున్నారనీ, ఇక అడవి తన కాళ్ళ మీద తాను నిలబడుతుందనీ చెప్పాడు. కాళ్ళ సంగతి పాము చెప్పడమేమిటని పిల్లకోతి ఒకటి కిచకిచలాడితే వాళ్ళమ్మ నోరు మూసింది.

చుక్కమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది.

"అయ్యా, ఒక్క మాట. రాళ్ళగుట్ట మీది కాటుకి ఇది పనిచేస్తుందా?"

జంబయ్య చిరునవ్వు నవ్వాడు. "నాగామృతం సర్వవిషహారిణి అమ్మా. ఇది ఉండగా నీకు భయం దేనికి? రేపే చిట్టిని గుట్ట మీదుగా తీసుకెళ్ళు."

ఆమె బహదూర్ వైపు చూసింది. బహదూర్ ఆకాశంలో మబ్బు ఎంత దట్టంగా ఉందో పరీక్షగా చూస్తున్నాడు.

వాన కురిసింది. వాగు పొంగింది. చుక్కమ్మ చిట్టిని తీసుకుని గుట్ట ఎక్కింది. దిగుతుండగా చిట్టి కాలు ఒక రాతి అంచున జారింది. చిన్న కేక. రాయి కిందకి ఏదో సరసరా పోవడం చుక్కమ్మ కళ్ళారా చూసింది.

పిల్లాణ్ణి మూతితో తోసుకుంటూ, పడిపోతే లేపుకుంటూ ఆమె వైద్యశాలకి చేరింది. కొంగ ఒక డొల్లెడు నాగామృతం ఎక్కించింది. చూసింది. ఇంకో డొల్ల ఎక్కించింది. చిట్టి కాలు వాచి మొద్దుకట్టెలా అయింది. కాసేపటికి చిగుళ్ళ వెంట ఎర్రగా కారడం మొదలైంది. కొంగ ఒంటికాలి మీద నిలబడి ఆలోచించింది. అది ఆలోచన కాదనీ, ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డమనీ దానికి తెలుసు.

"ఇది పట్టడం లేదమ్మా," అంది నెమ్మదిగా.

మాట బయటికి పొక్కింది. జంబయ్య పరుగున వచ్చాడు. చిట్టిని చూడలేదు. చుట్టూ చేరిన గుంపుని చూశాడు.

"ఏం జరిగింది?"

"పాము కరిచింది," అంది చుక్కమ్మ.

"ఏ పాము?"

"చిన్నపింజర. నా కళ్ళతో చూశాను."

"అమ్మా, బాధలో ఉన్నావు, నేను కాదనను. కానీ సంఘం గుర్తించిన పాములు నలుగురు. నాగన్నగారు ఇప్పటిదాకా నాతోనే ఉన్నారు. జెర్రయ్య, నలికీచు, రెండుతలలవాడు ప్రారంభోత్సవం భోజనం తిని ఇంకా లేవలేదు. నలుగురూ కరవలేదు. పాములేవీ కరవనప్పుడు పాముకాటు ఎలా అవుతుంది?" అని గుంపు వైపు తిరిగాడు. "రాళ్ళగుట్ట మీద ముళ్ళున్నాయి. పిల్లాడికి ముల్లు గుచ్చుకుంది. ముల్లుకి నాగామృతం ఎక్కిస్తే ఎలా పనిచేస్తుంది? డాక్టరుగారూ, మీరు చేసింది పొరపాటు వైద్యం."

కొంగ ముక్కు తెరిచింది. ఉద్యోగం, రోజూ వచ్చే చేపలు గుర్తొచ్చాయి. "ముల్లే అయ్యుండొచ్చు," అని ముక్కు మూసింది.

అప్పటికప్పుడు తీర్మానం అయింది. రాళ్ళగుట్ట మీద ఎవరికి ఏది గుచ్చుకున్నా అది ముల్లు. కాదన్నవాళ్ళు సంఘం పరువు తీసినట్టు.

చుక్కమ్మ ఏడవలేదు. బిడ్డ నోట్లోంచి రక్తం కారుతుంటే ముల్లంటున్నారు. ఆమె నేరుగా గుర్రం దగ్గరికి వెళ్ళింది.

"నువ్వైనా ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పానమ్మా, ఒకసారి."

"మళ్ళీ?"

బహదూర్ తల వంచుకున్నాడు. అతని ముందు ఉలవలు కుప్పగా ఉన్నాయి. "మళ్ళీ చెప్పేలోగా గంప వచ్చింది," అన్నాడు.

రోజుల తరబడి చిట్టి చావుబతుకుల మధ్య ఊగాడు. చుక్కమ్మ వాడి ఒంటిని నాకుతూ పక్కనే పడుకుంది. కొంగ ఎవరూ చూడకుండా ముక్కుతో నీళ్ళు తెచ్చి పోసింది. ఎందుకో రక్తం దానంతటదే నిలిచింది. కాలు మాత్రం ఎండి కుంటిదయ్యింది. చిట్టి లేచి నిలబడ్డ రోజున చుక్కమ్మకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

జంబయ్యకి అంతకన్నా సంతోషమైంది. "చూశారా? బతికాడు. పాముకాటైతే బతుకుతాడా? ముల్లు కాబట్టే బతికాడు," అని ఊరూరా, అంటే చెట్టుచెట్టునా చెప్పించాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తీర్మానం చేసి ఊరుకుంటే చాలదు, దానికి తగ్గ పని కూడా కనిపించాలని అతని సిద్ధాంతం. ముళ్ళున్నాయన్నాక ముళ్ళు ఏరించాలి కదా. రాళ్ళగుట్ట మీద 'ముళ్ళ నిర్మూలన' కార్యక్రమం పెట్టాడు. సంఘం అంతా గుట్ట ఎక్కింది. నిజానికి ఆ గుట్ట మీద ముల్లు మొక్క ఒక్కటి కూడా లేదు. అన్నీ రాళ్ళే. అందుకని ముందురోజే పందులతో కింది పొదల్లోంచి నాలుగు ముళ్ళకంపలు తెప్పించి రాళ్ళ మధ్య పెట్టించాడు.

వడ్రంగిపిట్టలు మోడుల మీద డప్పు వాయిస్తున్నాయి. ఆ మోతలో, రాయి కింద ఎవరో ఒళ్ళు రాపాడించుకుంటున్న గరగర ఎవరికీ వినపడలేదు. జంబయ్య అందరికీ కనబడేలా ముందుకెళ్ళి, ముళ్ళకంప ఒకటి నోట కరుచుకుని, మొహం గుంపువైపు తిప్పి, పోజు కుదరలేదని ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగు చిన్నపింజర మీద పడింది.

"పాము," అని అరిచాడు జంబయ్య. నోట్లో కంప ఉండడం వల్ల అది సరిగా పలకలేదు. కంప ఉమ్మేసి మళ్ళీ అరిచాడు. "పాము కరిచింది. చిన్నపింజర."

వడ్రంగిపిట్టలు ఆగాయి. అందరూ నాగన్న వైపు చూశారు. నాగన్న పడగ విప్పి కాసేపు ఆలోచించాడు. పామని ఒప్పుకుంటే చిట్టిది కూడా పాముకాటే. అది కాటైతే నాగామృతం వట్టి ఉమ్మి. అది ఉమ్మి అయితే తను వట్టి నాగుపాము.

"జంబయ్యా, బాధలో ఉన్నావు," అన్నాడు. "ముల్లు గుచ్చుకుంది."

"అయ్యా, నా కాలయ్యా. నాకు తెలీదా?"

"గుర్తింపు పొందిన పాములం నలుగురం నీ ఎదురుగానే ఉన్నాం కదయ్యా. చూసుకో. ఎవరం కరిచాం?"

"కంప కూడా ఇందాక నీ నోట్లోనే ఉంది కదన్నా," అన్నాడు జెర్రయ్య, సానుభూతిగా. "మేమందరం చూశాం."

కొంగ వచ్చింది. తీర్మానం ప్రకారం కాలు పట్టుకుని ముల్లు కోసం వెతికింది. లేని ముల్లు ఎంత తీసినా రాదు. తీసిన కొద్దీ గాయం పెద్దదైంది, రక్తం ఆగడం మానేసింది.

"నాగామృతం ఎక్కించండి," అన్నాడు జంబయ్య.

"ముల్లుకి నాగామృతం పొరపాటు వైద్యం అన్నారండీ మీరే," అంది కొంగ.

"బహదూర్, ఆ చిన్నపింజర విషంతో మందు చెయ్యవయ్యా. నీకు పుణ్యం ఉంటుంది."

బహదూర్ నిజం చెప్పాడు. ఈసారి గంప పంపేవాడు కింద పడి ఉన్నాడు కదా. "దానికి నెలలు పడుతుందండీ. ఎండల్లో మొదలుపెట్టి ఉంటే ఈపాటికి అయ్యేది. వాడు తనే వచ్చి అడిగాడు. మీరే దొప్పలో చోటు లేదన్నారు."

పొద్దు వాలేలోగా జంబయ్య పోయాడు. ముళ్ళ నిర్మూలనలో ప్రాణాలర్పించిన త్యాగమూర్తి అని సంతాప సభలో నాగన్న గొంతు జీరపోయేలా మాట్లాడాడు. ఏనుగు కూడా వచ్చింది. కొత్త కార్యదర్శిగా జెర్రయ్యని ఎన్నుకున్నారు. జంబయ్య స్మృత్యర్థం నాగామృతం రెట్టింపు తయారుచేయాలనీ, అందులో జెర్రయ్య వాటా కాస్త పెంచాలనీ తీర్మానించారు. చప్పట్లు గట్టిగా మోగాయి.

చుక్కమ్మ ఆ సభకి వెళ్ళలేదు. కుంటుతున్న చిట్టిని గుట్ట కింద నిలబెట్టి, తను నెమ్మదిగా ఎక్కి, రాళ్ళకి కాస్త దూరంలో ఆగింది.

"ఉన్నావా?" అంది.

"ఉన్నా," అన్నాడు చిన్నపింజర, రాయి కిందనుంచే. "నీ బిడ్డ బతికాడంటగా. ఆ పొద్దున్నే కప్పని పట్టా. విషం చాలామటుకు దానికే అయిపోయింది. లేకుంటే బతికేవాడు కాదు. నేను కావాలని కరవలా."

"తెలుసు," అంది చుక్కమ్మ. ఆ మాట అనడం ఆమెకి తేలిక కాలేదు. పెద్దవాడు కళ్ళముందు మెదిలాడు. అయినా మళ్ళీ అంది: "పచ్చిక కోసం రోజూ దాటాలి మేము. ఎట్లా?"

"దడదడమని కాళ్ళు చప్పుడు చేస్తూ రండి. రాయి అదిరితే నాకు తెలుస్తది, పక్కకి పోతా. పోలేకపోతే ఒళ్ళు రాపాడిస్తా, గరగరమంటది. ఆ చప్పుడు వినపడితే ఆగండి. అంతే."

"ఇంతేనా?"

"నన్నెవరూ అడగలా."

చుక్కమ్మ కిందకి దిగి చిట్టిని పిలిచింది. తల్లీకొడుకులు రాళ్ళ మీద దడదడ చప్పుడు చేసుకుంటూ ఎక్కారు. సగం దారిలో గరగర వినిపించింది. ఆగారు. ఏదో పక్కకి పాకిపోయింది. మళ్ళీ నడిచారు. అవతల పచ్చిక మోకాలెత్తున పెరిగి ఉంది, చిట్టి కడుపునిండా మేశాడు.

నీతి: కరిచేవాడితో మాట్లాడుకుని బతకొచ్చు, కాపాడేవాళ్ళ చేతిలో పడితేనే కష్టం.